బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత తిండి సయించకపోవడం, మాంసకృత్తుల లోటు

జీర్ణాశయాన్ని కుదించి గానీ, పేగుల దారి మళ్లించి గానీ తీవ్రమైన ఊబకాయాన్ని తగ్గించే ఆపరేషన్లను బేరియాట్రిక్ శస్త్రచికిత్సలు అంటారు. చేయించుకున్నవారిలో చాలామందికి మొదటి నెలల్లో అంతకుముందు ఇష్టంగా తిన్న పదార్థాలే సయించవు. చేపల పులుసు వాసనకు కడుపులో తిప్పుతుంది, గుడ్డు నీచు కొడుతుంది, ముద్ద గొంతు దిగదు. సరిగ్గా ఆ నెలల్లోనే రోజుకు 60 నుంచి 80 గ్రాముల మాంసకృత్తులు ఒంటికి అందాలి. అందకపోతే కొవ్వుతోపాటు కండ కూడా కరిగిపోతుంది.

ఈ చిక్కును ఇక్కడ చోడవరం ప్రాంతపు భోజనానికి అన్వయించి చూద్దాం. 2022 ఏప్రిల్ 4 దాకా విశాఖపట్నం జిల్లాలో ఉన్న చోడవరం ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోది. చుట్టూ చెరకు, వరి. పక్కనే గోవాడలో సహకార చక్కెర కర్మాగారం. ఒక దిక్కున అనకాపల్లి బెల్లం మార్కెట్టు, మరో దిక్కున హల్వాకు పేరుపడ్డ మాడుగుల. పెద్ద ఆపరేషన్లకు విశాఖ వెళ్లిరావడం ఈ ప్రాంతంలో మామూలే. కోత విశాఖలో జరిగినా ఆ తర్వాతి నెలలన్నీ గడిచేది ఇంటి వంటింట్లో. ఆసుపత్రి ఇచ్చే ఆహార పట్టికల్లో ఓట్సు, బ్రోకలీ, గ్రీకు పెరుగు లాంటివి కనిపిస్తుంటాయి. ఇంట్లో ఉండేవి కందిపప్పు, చోడి (రాగి) పిండి, ఎండు నెత్తళ్లు, గేదె పెరుగు.

ఆపరేషన్ ఏం చేస్తుంది

పేగును దాటవేసే శస్త్రచికిత్సను 1954లో అమెరికా వైద్యులు క్రెమెన్, లిన్నర్ వివరించారు. 1966లో అయోవాలో ఎడ్వర్డ్ మేసన్, చికాషి ఇటో గ్యాస్ట్రిక్ బైపాస్ మొదలుపెట్టారు. దాన్ని చిన్న రంధ్రాల ద్వారా, ల్యాప్రోస్కోపీతో చేయవచ్చని 1994లో విట్‌గ్రోవ్, క్లార్క్ చూపించాక ఈ రంగం వేగం పుంజుకుంది. ఇప్పుడు ఎక్కువగా చేసేది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. ఇందులో జీర్ణాశయంలో సుమారు నాలుగింట మూడు వంతులు కోసి తీసేసి సన్నటి గొట్టం మిగులుస్తారు. దానిలో పట్టేది 100 నుంచి 150 మిల్లీలీటర్లు. బైపాస్‌లో మిగిలే సంచి ఇంకా చిన్నది, 30 మిల్లీలీటర్ల లోపే. స్లీవ్‌లో తీసేసిన భాగంలోనే ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను ఎక్కువగా తయారవుతుంది కాబట్టి స్లీవ్ తర్వాత ఆకలి కూడా చల్లారుతుంది. తిన్నాక పేగుల నుంచి వెలువడే జీఎల్‌పీ-1, పీవైవై హార్మోన్లు పెరిగి, రెండు చెంచాలకే కడుపు నిండిన భావన వస్తుంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో 36.3 శాతం, పురుషులలో 31.1 శాతం అధిక బరువు లేదా ఊబకాయం ఉన్నవారే. వీళ్లందరికీ ఆపరేషన్ అవసరం లేదు. 2022లో అమెరికా, అంతర్జాతీయ శస్త్రచికిత్స సంఘాలు ఇచ్చిన మార్గదర్శకాలు బీఎంఐ (ఎత్తును బట్టి బరువును కొలిచే సూచిక) 35 దాటినవారికి దీన్ని సిఫారసు చేశాయి. ఆసియా జాతులకు ఊబకాయపు గీతే 25 దగ్గర మొదలవుతుందని, 27.5 దాటితే వారికి ఆపరేషన్ ఇవ్వవచ్చని కూడా చెప్పాయి. మన దేశంలో ఆరోగ్య బీమా వర్తించాలంటే గీత ఇంకా పైన ఉంది: బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019 నిబంధనల్లో బీఎంఐ 40, లేదా తీవ్రమైన అనుబంధ జబ్బులు ఉంటే 35.

పొట్ట మీది కొవ్వును గొట్టంతో పీల్చే లైపోసక్షన్ దీనికి సంబంధం లేని పని. రెండూ ఒకటే అనుకునేవారు చాలామంది. లైపోసక్షన్ జీర్ణాశయాన్ని ముట్టుకోదు కాబట్టి ఈ వ్యాసంలోని ఇబ్బందులు దానికి లేవు.

ఎందుకు సయించదు

బయటికి ఒకేలా కనిపించినా సయించకపోవడానికి కారణాలు వేరువేరు. కారణాన్ని బట్టే ఉపాయం ఉంటుంది.

మొదటిది రుచిలో, వాసనలో వచ్చే మార్పు. తీపి వెగటు పుట్టడం, నూనె వాసన భరించలేకపోవడం, మాంసం నోట్లో లోహపు రుచి తగలడం చాలామంది చెప్పేవే. బైపాస్ చేసిన ఎలుకలు కూడా కొవ్వు పదార్థాలను తగ్గించి తింటాయని ప్రయోగాల్లో తేలింది. కాబట్టి ఇది కేవలం మనసులోని బెట్టు కాదు. జింకు తగ్గితే రుచి మరింత మందగిస్తుంది. నీళ్లు సరిగా తాగకపోతే నోరు చేదెక్కుతుంది.

రెండోది నేర్చుకున్న ఏవగింపు. 1955లో అమెరికా శాస్త్రవేత్త జాన్ గార్సియా ఎలుకలకు శాకరిన్ కలిపిన తియ్యటి నీళ్లు తాగించి, ఆ సమయంలోనే వికారం కలిగించే రేడియేషన్ ఇచ్చాడు. తర్వాత రేడియేషన్ లేకపోయినా అవి ఆ తియ్యటి నీళ్ల జోలికి వెళ్లలేదు. వాంతికీ దానికి ముందు తిన్నదానికీ మెదడు వేసే ముడి అంత గట్టిది, ఒక్కసారికే పడిపోతుంది. ఆపరేషన్ అయిన మూడోవారంలో తొందరపడి కోడిమాంసం ముక్క మింగి, అది ఛాతీలో అడ్డుపడి, నురగ కక్కుకున్న మనిషికి ఆరు నెలలపాటు కోడికూర వాసనే పడకపోవచ్చు. తప్పు కోడిది కాదు, ముక్క సైజుది. అందుకే కొత్త పదార్థాన్ని వికారం లేని రోజున, ఒక్క చెంచాతో, ఒక్కటొక్కటిగా మొదలుపెట్టమంటారు.

మూడోది యంత్రసంబంధమైనది. చిన్నదైన జీర్ణాశయంలో ఆమ్లం తక్కువ, చిలికే శక్తి తక్కువ. పీచు పీచుగా ఉండే మేకమాంసం, పొడిబారిన కోడిరొమ్ము, మెత్తటి బ్రెడ్డు, ముద్ద కట్టిన అన్నం అందులో ఉండలా నిలిచిపోతాయి. ఆసుపత్రికి చూడ్డానికి వచ్చే బంధువులు చేతిలో పట్టుకొచ్చేది సాధారణంగా బ్రెడ్డు, ఆపిల్ పళ్లు. ఈ రోగికి మొదటి వారాల్లో ఆ రెండూ పనికిరావు.

చివరిది భయం. ఒకటి రెండుసార్లు అడ్డుపడ్డాక మనిషి గట్టి పదార్థం చూస్తేనే జంకుతాడు. చారు, మజ్జిగ, అంబలితో రోజులు నెట్టుకొస్తాడు. ఇంట్లోవాళ్లు ఏదో ఒకటి దిగుతోంది కదా అని ఊరుకుంటారు. లోటు ఎక్కువగా మొదలయ్యేది ఇక్కడే.

మన పత్యం, ఈ పత్యం

పత్యం మనకు కొత్త కాదు. బాలింతకు, జ్వరం వచ్చి లేచినవాళ్లకు, కోత పడ్డవాళ్లకు ఏం పెట్టకూడదో ప్రతి ఇంట్లో పెద్దవాళ్లకు తెలుసు. కందిపప్పు తింటే కుట్లు చీము పడతాయి, గుడ్డు వేడి, చేప దురద, పెరుగు జలుబు అంటారు. నిజానికి పప్పు వల్ల కుట్లు చీము పట్టవు. గాయం మానడానికి కావలసిన ముడిసరుకే మాంసకృత్తులు. ఇతర ఆపరేషన్ల తర్వాత పదిరోజులు పప్పు మానేసినా శరీరం ఎలాగో సర్దుకుంటుంది. రోజుకు ఆరేడు వందల క్యాలరీలు మించి తినలేని మనిషికి ఆ వెసులుబాటు లేదు. మన పత్యం తీసివేతలతో నడుస్తుంది. ఈ ఆపరేషన్ తర్వాతి పత్యం కూడికతో నడవాలి. వంట చేసే అత్తకో అమ్మకో ఇది ముందుగా చెప్పకపోతే, విశాఖలో పోషకాహార నిపుణురాలు రాసిచ్చిన కాగితం ఫ్రిజ్ మీదే ఉండిపోతుంది.

ఆపరేషన్ తర్వాతి దశలు ఇంచుమించు ఇలా సాగుతాయి. ఒకటి రెండు రోజులు తేట ద్రవాలు, ఆపైన రెండు వారాలదాకా పాలు, పలచటి మజ్జిగ, వడకట్టిన సూపులు, ప్రోటీన్ పానీయాలు. మూడు, నాలుగు వారాల్లో మెత్తగా మెదిపినవి. ఐదో వారం నుంచి మృదువైన ముక్కలు. రెండు నెలలకు మామూలు తిండి, చిన్న కొలతల్లో. కచ్చితమైన రోజులు ఒక్కో ఆసుపత్రిలో ఒక్కోలా ఉంటాయి, సర్జన్ చెప్పిందే ప్రమాణం. అన్ని చోట్లా మారని నియమాలు మాత్రం మూడున్నాయి: ముద్దను పిండి అయ్యేదాకా నమలడం, ఒక పూట తిండికి 20-30 నిమిషాలు తీసుకోవడం, తింటూ నీళ్లు తాగకపోవడం. పక్కన చెంబు పెట్టుకుని ముద్దకో గుటక వేసే అలవాటున్నవారికి ఈ మూడోదే కష్టం. తిన్న అరగంట తర్వాత మొదలుపెట్టి, గుటకలు గుటకలుగా రోజుకు లీటరున్నర దాకా తాగాలి.

పళ్లెంలోని లెక్క

మన భోజనంలో అన్నం వాహనం. పప్పు, కూర, పులుసు, చారు, పెరుగు అన్నీ దాని మీదెక్కే నోట్లోకి వెళ్తాయి. 100 మిల్లీలీటర్ల సంచిలో గుప్పెడు అన్నం వేస్తే సగం నిండిపోతుంది; వచ్చే మాంసకృత్తులు ఒకటిన్నర గ్రాము. కాబట్టి వరస తిరగెయ్యాలి. ముందు గుడ్డు, చేప, పప్పు, పనీరు, తర్వాత కూరగాయ, చోటు మిగిలితేనే రెండు చెంచాల మెత్తటి అన్నం. పప్పన్నం అలవాటైన నాలుకకు ఉత్తి ముద్దపప్పు మొదట్లో వింతగా తోస్తుంది. నాలుగు చుక్కల నిమ్మరసం, చిటికెడు ఇంగువ తోడైతే దిగుతుంది.

ఇక అంబలి. చోడంబలి బలమని ఉత్తరాంధ్రలో పిల్లవాడు కూడా చెబుతాడు. చోళ్లలో కాల్షియం నిజంగానే ఎక్కువ, 100 గ్రాముల గింజల్లో సుమారు 350 మిల్లీగ్రాములు. మాంసకృత్తులు మాత్రం 7 గ్రాములే. పలచటి గ్లాసు అంబలిలో పడే పిండి 20 గ్రాములనుకుంటే, చేరేది గ్రామున్నర లోపే. మూడు గ్లాసులు తాగి రోజు గడిచిందనుకునే మనిషి ఐదు గ్రాములైనా దాటడు. అదే అంబలిని వెన్న తీసిన పాలతో కాచి, రెండు చెంచాల పాలపొడి కలిపితే గ్లాసుకు పది గ్రాముల దాకా వస్తాయి. ఉలవచారు సంగతీ అంతే. ఉలవల్లో 22 శాతం మాంసకృత్తులున్నా, వడకట్టిన కట్టులోకి దిగేది కొంచెమే, మిగతాది పశువుల కుడితిలోకి పోతుంది. ఉలవలు తినదలచుకుంటే మెత్తగా ఉడికించి మెదిపి, నాలుగో నెల తర్వాత, గ్యాసు పడితే ఆపేసే షరతు మీద తినాలి.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన భారతీయ ఆహార పట్టికలు ఈ లెక్కలకు మంచి ఆధారం. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి పరిశోధనకు పెట్టిన చిన్న కేంద్రమే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలి, తర్వాత ఈ సంస్థ అయింది. ఆ బెరిబెరి సంగతి కాసేపట్లో మళ్లీ వస్తుంది. ఒక మామూలు గుడ్డులో సుమారు 6 గ్రాములు, 100 గ్రాముల చేపలో 18-20, పనీరులో 18, పచ్చి పెసరపప్పులో 23-24, కందిపప్పులో 21-22, సోయా గింజల నుంచి నూనె తీశాక చేసే మీల్‌మేకర్‌లో 50 దాటి, పాలలో 3 నుంచి 4, ఉడికిన అన్నంలో రెండున్నర దాకా.

ఆపరేషన్ అయి రెండున్నర నెలలు దాటిన ఒక మనిషి రోజును ఇలా కట్టవచ్చు. పొద్దున 150 మిల్లీలీటర్ల పాలలో ఒక కొలత వే ప్రోటీన్, 25 గ్రాములు. పది గంటలకు సగం గుడ్డు చొప్పున రెండు దఫాలుగా ఒక గుడ్డు, 6. మధ్యాహ్నం 25 గ్రాముల పెసరపప్పుతో గట్టిగా వండిన పప్పు, 40 గ్రాముల ముళ్లు తీసిన చేప, కలిపి 14. సాయంత్రం గుడ్డలో కట్టి నీరు వార్చిన పెరుగు అరకప్పు, 8. రాత్రి 40 గ్రాముల పనీరు గానీ కోడి కీమా గానీ, 8. మొత్తం 61. అన్నం, చారు, పండు ఈ లెక్కలోకి రాలేదు. వచ్చినా చేర్చేది కొంచెమే. శాకాహారులు గుడ్డు, చేపల స్థానంలో మీల్‌మేకర్ పొడి, పాలపొడి, నూరిన పుట్నాల పప్పు పెట్టుకుంటే అదే అంకె దగ్గరికి రావచ్చు, ప్రోటీన్ పొడి లేకుండా మాత్రం మొదటి మూడు నెలలు కష్టం.

పొడి అంటేనే మన దగ్గర భయం. కిడ్నీలు పోతాయంటారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్లను కూల్చిందో కళ్లారా చూసిన ఉత్తరాంధ్రలో ఆ భయాన్ని తీసిపారేయడం తగదు. అయితే అంకె చూడాలి. జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసుల ప్రకారం ఆరోగ్యవంతుడికి కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలి; 80 కిలోల మనిషికి అది 66 గ్రాములు. అంటే ఈ ఆపరేషన్ తర్వాత అడిగేది కండల వీరుల మోతాదు కాదు, మామూలు మనిషి తినాల్సిందే. 2024 ఆహార మార్గదర్శకాల్లో జాతీయ పోషకాహార సంస్థ ప్రోటీన్ పొడులు వద్దన్నది కండలు పెంచడానికి వాడేవారిని ఉద్దేశించి. ఇప్పటికే మూత్రపిండాల జబ్బున్నవారికి మాత్రం మోతాదు వైద్యుడే నిర్ణయించాలి; ఆపరేషన్‌కు ముందు క్రియాటినిన్ పరీక్ష ఎలాగూ ఉంటుంది.

చాక్లెట్, వెనిల్లా రుచుల పొడులు మూడోరోజుకే వెగటు పుట్టిస్తాయన్నది ఎక్కువమంది ఫిర్యాదు. రుచి, వాసన లేని రకం దొరుకుతుంది. దాన్ని చల్లటి మజ్జిగలో ఉప్పు, జీలకర్రపొడితో కలిపితే తీపి బెడద తప్పుతుంది. గోరువెచ్చటి పప్పుకట్టులో, టమాటా చారులో కూడా కలుస్తుంది. మరుగుతున్నదానిలో వేస్తే ఉండలు కడుతుంది. పాలు తాగితే కడుపుబ్బరం, విరేచనాలు అయ్యేవారికి లాక్టోజు చాలావరకు తీసేసిన ఐసొలేట్ రకం నప్పుతుంది. పెరుగు, మజ్జిగలో పులియడం వల్ల లాక్టోజు కొంత తగ్గి ఉంటుంది కాబట్టి పాలు పడనివారిలో చాలామందికి అవి పడతాయి.

వాసన పడనప్పుడు పనిచేసేవి చిన్న చిన్న సర్దుబాట్లే. వేడి వంటకం కంటే చల్లారినది తక్కువ వాసన వేస్తుంది. పోపు వేసే వేళకు రోగి వంటింట్లో లేకపోవడమే సగం మందు. గుడ్డును అతిగా ఉడికిస్తే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చ వలయం పడి గంధకపు వాసన పెరుగుతుంది. దించిన వెంటనే చన్నీళ్లలో వేస్తే ఆ వాసన తగ్గుతుంది. చేపల్లో కానాగంతలు, కవ్వళ్లు నూనె ఎక్కువున్న రకాలు, నీచు గట్టిగా కొడతాయి. చందువా, కొర్రమీను తేలిక. పసుపు, నిమ్మరసం పట్టించి ఆవిరి మీద ఉడికించి, చేత్తో మెదిపి, పలచటి పులుసుతో తడిపితే మూడోవారం దాటినవారికి కూడా మింగుడు పడుతుంది. వేపుడు మాత్రం ఎండిపోయి అడ్డుపడుతుంది. ఎండు నెత్తళ్ల పొడిలో మాంసకృత్తులు దండిగా ఉన్నా, ఉప్పు కూడా అంతే దండిగా ఉంటుంది. రక్తపోటు ఉన్నవారు దూరంగా ఉండాలి. ఇవాళ పడనిది ఎప్పటికీ పడదని కొట్టేయకూడదు. రెండు మూడు వారాలాగి ఒక చెంచాతో మళ్లీ చూడాలి.

బెల్లం, హల్వా

చక్కెర చెడు, బెల్లం మంచిదన్న నమ్మకం బెల్లం పండే ఊళ్లలో బలంగా ఉండటం సహజం. బైపాస్ అయినవారి పేగుకు ఆ తేడా తెలియదు. రెండూ ప్రధానంగా సుక్రోజే. తీపి ఎక్కువగా ఉన్నది ఒక్కసారిగా పేగులోకి జారితే నీరంతా అటు లాగబడి, పది నిమిషాల నుంచి అరగంటలో గుండెదడ, చెమటలు, కడుపునొప్పి, విరేచనం వస్తాయి. దీన్ని డంపింగ్ అంటారు. కొందరికి ఒకటి నుంచి మూడు గంటల తర్వాత రక్తంలో చక్కెర పడిపోయి కళ్లు తిరుగుతాయి. స్లీవ్‌లోనూ రావచ్చు, బైపాస్‌లో ఎక్కువ. నెయ్యీ చక్కెరా దండిగా పీల్చుకున్న మాడుగుల హల్వా ఈ విషయంలో అన్నిటికంటే ముందుంటుంది. కొందరికి ఆ అనుభవమే తీపి మీద శాశ్వతమైన విరక్తి కలిగిస్తుంది, అది అచ్చంగా గార్సియా ఎలుకల సంగతే. ఈ ఒక్క ఏవగింపును మాత్రం పోగొట్టుకోవాలని ఏ వైద్యుడూ చెప్పడు.

ఎప్పుడు పరుగెత్తాలి

అప్పుడప్పుడు ఒక వాంతి మామూలు. రోజూ అవుతుంటే, నీళ్లు కూడా నిలవకపోతే అది సయించకపోవడం కాదు, గొట్టం ఎక్కడో సన్నబడి ఉండవచ్చు, ఎండోస్కోపీతో చూడాలి. అలా రెండు మూడు వారాలు సాగితే శరీరంలోని థయామిన్, అంటే బి1 విటమిన్ నిల్వలు అడుగంటుతాయి. కాళ్లలో తిమ్మిర్లు, నడక తూలడం, ఒకటి రెండుగా కనిపించడం, మాట తికమక పడటం దాని గుర్తులు. మెక్‌కారిసన్ కూనూరులో వెతికిన బెరిబెరికీ మూలం ఈ లోటే. అన్నం మానేసిన మనిషికి పాలిష్ బియ్యపు జబ్బు రావడం విడ్డూరంగా తోచినా కారణం ఒక్కటే. ఇక్కడ పల్లెల్లో వాంతులంటే దగ్గర్లోని ఆర్‌ఎంపీ దగ్గర గ్లూకోజు బాటిల్ ఎక్కించుకోవడం ఆనవాయితీ. థయామిన్ ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మిగిలిన ఆ కాస్త విటమినూ ఖర్చయిపోయి మెదడు దెబ్బతినవచ్చు. ఆపరేషన్ సంగతి ముందే చెప్పి, బి1 ఇంజెక్షన్ ముందు ఇమ్మని అడగాలి. ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి ఆ రోజే ఫోన్ చేయాలి.

మాంసకృత్తుల లోటు అంత హడావుడిగా రాదు. మూడు నుంచి ఆరు నెలల మధ్య జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలడం బరువు వేగంగా తగ్గిన ఎవరికైనా జరిగేదే, చాలావరకు తిరిగి మొలుస్తుంది. కుర్చీలోంచి లేవడానికి చేతి ఆసరా కావలసి రావడం, మెట్లెక్కితే తొడలు వణకడం, పాదాలకు నీరు పట్టడం మాత్రం పట్టించుకోవలసినవి. రక్తంలో ఆల్బుమిన్ డెసిలీటరుకు 3.5 గ్రాముల కంటే తగ్గేసరికి లోటు బాగా ముదిరి ఉంటుంది కాబట్టి ఆ ఒక్క పరీక్ష చూసి నిశ్చింతగా ఉండకూడదు. పట్టు తగ్గిందా, నడక తగ్గిందా అన్నది ఇంట్లోవాళ్లే ముందు గమనించగలరు. తిన్న మాంసకృత్తులు కండగా నిలవాలంటే కండకు పని ఉండాలి. రోజూ నడక, వైద్యుడు సరేనన్నాక కుర్చీలోంచి పదేసిసార్లు లేచి కూర్చోవడం లాంటివి చాలు.

పిల్లలు కావాలనుకునే స్త్రీలు ఆపరేషన్ తర్వాత 12 నుంచి 18 నెలలు ఆగాలని చెబుతారు. ఆ వ్యవధిలో కొత్తగా వికారం మొదలైతే ముందు గర్భపరీక్ష చేయించుకోవడం మంచిది. బరువు తగ్గాక నెలసరి క్రమపడి, అనుకోకుండా గర్భం రావడం తరచుగా జరుగుతుంది.

ఏడాది దాటాక

ఎక్కువమందికి ఆరు నెలల నుంచి ఏడాదిలోగా రుచులు చాలావరకు తిరిగొస్తాయి. అప్పుడు సమస్య తిరగబడుతుంది. మాంసం, పప్పు ఇంకా నెమ్మదిగా దిగుతుంటే జంతికలు, మిక్చర్, బిస్కెట్లు, ఐస్‌క్రీమ్ నోట్లో కరిగి జారిపోతాయి. సంచి వాటిని అడ్డుకోదు. మాంసకృత్తులు 40 గ్రాముల దగ్గరే ఆగిపోయి, బరువు మళ్లీ పెరగడం మొదలైనవారి దినచర్య రాయించి చూస్తే సాధారణంగా ఇవే బయటపడతాయి.

2025లో మన దేశపు మార్కెట్లోకి వచ్చిన టిర్జెపటైడ్, ఊబకాయానికి సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్లు వాడేవారికీ దాదాపు ఇదే కథ. కోత లేకుండానే ఆకలి పడిపోతుంది, మాంసం, నూనె వెగటనిపిస్తాయి, కండ తగ్గుతుంది. పైన చెప్పిన పళ్లెం వరస, పొడి, పెరుగు వాళ్లకూ వర్తిస్తాయి.

బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి మాత్రలు ఆపరేషన్ అయినవారికి జీవితాంతం. రక్తపరీక్షలు మొదటి ఏడాదిలో మూడు, ఆరు, పన్నెండో నెలల్లో, ఆ తర్వాత ఏటా ఒకసారి. చాలా పరీక్షలకు చోడవరంలోనో అనకాపల్లిలోనో ల్యాబులో రక్తం ఇచ్చి, రిపోర్టును విశాఖలోని నిపుణురాలికి వాట్సాప్‌లో పంపితే ప్రయాణం తప్పుతుంది. దానితోపాటు ఆ వారం తిన్నది గ్రాముల్లో రాసిన కాగితం ఫొటో కూడా పంపాలి. లోటు ఎక్కడుందో రిపోర్టు కంటే ముందు ఆ కాగితమే చెబుతుంది.